ఆ టైమర్ 8 సెకన్లు ఎందుకైందో మా సెక్షన్‌లో ఎవరికీ గుర్తులేదు

నల్గొండ జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, ఇన్‌స్ట్రుమెంటేషన్ సెక్షన్‌లో పనిచేస్తున్నప్పటి మాట. ఏడాది షట్‌డౌన్ అయిపోయింది, ప్యానెళ్లకు కరెంటు ఇచ్చాం, అన్నీ లేచాయి, ముడిరాయిని పొడి చేసే రా మిల్లు వైపు పీఎల్‌సీ ఒక్కటి తప్ప. పీఎల్‌సీ అంటే ఏ మోటారు ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే చిన్న కంప్యూటర్. సీపీయూ మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది. పాత తరం పీఎల్‌సీ అది. ప్రోగ్రాం ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు లేనంతసేపూ దాన్ని నిలబెట్టేది లోపలుండే చిన్న లిథియం బ్యాటరీ. ఆ బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, ప్యానెల్‌కి కరెంటు ఎప్పుడూ పోలేదు కాబట్టి మాకు తెలియలేదు. పది రోజులు సప్లై తీసేసరికి ప్రోగ్రాం మొత్తం చెరిగిపోయింది.

బ్యాకప్ ఉంది. సెక్షన్ లాప్‌టాప్‌లో రెండేళ్ల నాటి ఫైలు. వేరే దారి లేదు కాబట్టి దాన్నే ఎక్కించాం, మిల్లు స్టార్ట్ చేశాం, పొడిని పైకి మోసే బకెట్ ఎలివేటర్ ఐదో సెకనుకి ట్రిప్ అయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ట్రిప్. జీరో స్పీడ్ స్విచ్ అని ఒకటి ఉంటుంది, ఎలివేటర్ కింది షాఫ్టు తిరుగుతోందో లేదో చూస్తుంది, తిరగకపోతే మోటారు ఆపేస్తుంది. స్టార్టింగ్‌లో షాఫ్టు వేగం అందుకోవడానికి కొంచెం టైమివ్వాలి గనుక మొదటి కొన్ని సెకన్లు దాన్ని పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో ఒక టైమర్ పెడతారు. మా ఫైల్లో అది 5 సెకన్లు. మేం సెన్సర్ మార్చాం, కేబుల్ మార్చాం, గ్యాప్ సరిచేశాం, రాత్రంతా అదే పని. తెల్లారి మెకానికల్ ఫోర్‌మన్ ఒకాయన వచ్చి చూసి, "గా ఫ్లూయిడ్ కప్లింగ్ మార్చినప్పుడు మీవాళ్లే ఎనిమిది చేసిండ్రు గద సార్, అప్పటి సంది నిదానంగనే లేస్తది" అన్నాడు. ఫ్లూయిడ్ కప్లింగ్ అంటే మోటారు తిప్పుడుని నూనె ద్వారా మెల్లగా యంత్రానికి అందించేది. 5ని 8 చేశాం. ఎలివేటర్ నడిచింది.

పోయింది ఒక రాత్రే కదా అనుకుని వదిలేశాం. అసలు సంగతి నాలుగు రోజుల తర్వాత బయటపడింది. ఎలక్ట్రీషియన్ ఒకతను ఫోన్ చేసి "స్క్రూ కన్వేయర్ కవర్ తీసినా ఆగుతలేదు సార్" అన్నాడు. పరిగెత్తుకుంటూ వెళ్లాం. కవర్ తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే లిమిట్ స్విచ్ బాగానే ఉంది. వైరు బాగానే ఉంది. కవర్ ఎత్తి దించుతుంటే పీఎల్‌సీ ఇన్‌పుట్ కార్డు మీద ఆ స్విచ్ లైటు వెలిగి ఆరుతోంది. ప్రోగ్రాం తెరిచి వెతికితే ఆ స్విచ్ అడ్రస్, అంటే దాన్ని గుర్తించే నంబరు, ఎక్కడా లేదు.

ఏడాది ముందు అక్కడే ఒక హెల్పర్ గ్లవ్‌ని స్క్రూ లాగేసుకుంది, అదృష్టం కొద్దీ వేళ్లు దక్కాయి, ఆ తర్వాతే ఆ స్విచ్ పెట్టారు, ప్రోగ్రాంలో ఒక రంగ్, అంటే నిచ్చెన మెట్టులాంటి ఒక వరుస, కలిపారు. కలిపింది నడుస్తున్న పీఎల్‌సీలో. లాప్‌టాప్ ఫైల్లో కాదు. బ్యాటరీతో పాటు ఆ రంగ్ కూడా పోయింది, పోయిన సంగతి ఎవరికీ తెలియకుండా నాలుగు రోజులు మనుషులు ఆ కవర్ దగ్గర పనిచేశారు. ఇలాంటి స్విచ్‌ని ప్రోగ్రాంకి వదలకుండా నేరుగా మోటారు కంట్రోల్ సర్క్యూట్లో వేయాలని ఈ పని తెలిసినవాళ్లు అంటారు. నిజమే, తర్వాత అలాగే వేశాం. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు. ఆ రెండేళ్లలో ఇంకేం మార్పులు జరిగాయో, అందులో ఎన్ని పోయాయో చెప్పగలిగినవాడు ఫ్యాక్టరీలో ఒక్కడూ లేడు.

నా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఈ కథంతా విని "మామయ్యా, గిట్‌లో పెట్టేస్తే సరిపోయేది కదా" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. గిట్ అంటే ఫైళ్లలో జరిగిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్. లినస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని రాశాడు, అంతకు ముందు కూడా పాతికేళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇలాంటి పనిముట్లు ఉన్నాయి. ఏ వరుస ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అని వాళ్లు క్షణంలో చెప్పగలరు. మనుషుల వేళ్లు తెగ్గొట్టగల యంత్రాలను నడిపే ప్రోగ్రాంకి ఆపాటి చరిత్ర లేకపోవడం నాకు సిగ్గుగానే అనిపించింది. అందుకని కూర్చుని ప్రయత్నించాను. అప్పుడు అర్థమైంది, వాడి లోకానికీ నా లోకానికీ మధ్య ఒక పెద్ద తేడా ఉందని.

వాళ్లకి అసలు అంటే సోర్సు కోడ్. సర్వర్‌లో నడిచేది దాని నకలు. నకలు పాడైతే అసలు నుంచి మళ్లీ తయారు చేసుకుంటారు. మాకు అది తిరగబడి ఉంటుంది. పీఎల్‌సీలో ఇప్పుడు, ఈ క్షణాన నడుస్తున్నదే అసలు. లాప్‌టాప్‌లో ఉన్నది ఎప్పటిదో నకలు. ఎందుకంటే మేం మార్పులు చేసేది యంత్రం నడుస్తుండగానే. సిమెంటు ముడిపొడిని కాల్చే పెద్ద కొలిమి కిల్న్, దాన్ని ఆపితే లోపలి ఇటుకల లైనింగ్ దెబ్బతింటుంది, మళ్లీ వేడెక్కించాలంటే ఒక రోజుకి పైనే పడుతుంది, కాబట్టి రాత్రి రెండింటికి ఏదో సెన్సర్ చెడిపోయి లైను ఆగితే డ్యూటీలో ఉన్నవాడు ఆన్‌లైన్‌లోకి వెళ్లి, అంటే లాప్‌టాప్‌ని నడుస్తున్న పీఎల్‌సీకి కలిపి, రంగ్ మార్చి, నడిపించి, ఇంటికి పోతాడు. ఫైలు సేవ్ చేశాడా, ఏ లాప్‌టాప్‌లో చేశాడు, ఏ పేరుతో చేశాడు అనేది అతని అలవాటు మీద ఆధారపడి ఉంటుంది. గిట్‌లో ఎంత చక్కటి ఫైలు దాచుకున్నా, యంత్రం లోపల ఉన్నది అది కాకపోతే దానివల్ల ఒరిగేదేం లేదు. పైగా ఉందన్న ధీమా ఇస్తుంది కాబట్టి నష్టం. మా రెండేళ్ల నాటి బ్యాకప్ చేసింది సరిగ్గా అదే.

ఇంకో చిక్కు ఆ ఫైళ్లతోనే. పీఎల్‌సీలు తయారు చేసే రాక్‌వెల్ వాళ్ల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ స్టూడియో 5000లో ప్రోగ్రాం ఏసీడీ అనే ఫైల్లో ఉంటుంది, అది బైనరీ. గిట్‌కి ఇస్తే రెండు ఫైళ్లూ వేరు అని మాత్రం చెబుతుంది, ఎక్కడ వేరో చెప్పలేదు. ఎల్5ఎక్స్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే రంగ్‌లు అక్షరాల్లో కనిపిస్తాయి, బాగానే ఉంటుంది, కానీ ప్రతి ఎక్స్‌పోర్ట్‌లోనూ ఆ రోజు తేదీ పడుతుంది, ట్యాగుల్లో, అంటే ప్రోగ్రాంలో పేరు పెట్టుకున్న లెక్కల్లో, ఆ క్షణంలో ఉన్న విలువలూ పడతాయి. టెంపరేచర్ 412 నుంచి 415కి పోయినా తేడాయే. నేను మొదటిసారి పోల్చి చూసినప్పుడు వందల తేడాలు వచ్చాయి, నిజంగా మారింది ఒక్క కాంటాక్టు, అంటే రంగ్‌లోని ఒక షరతు. ఆ గుట్టలోంచి దాన్ని ఏరడానికి ఒక పూట పట్టింది. సీమెన్స్ వాళ్లు తమ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టియా పోర్టల్‌లో వీ16 నుంచి బ్లాకులను బయటి ఫోల్డర్‌తో కలిపి ఉంచే సదుపాయం ఇచ్చారు, బెకాఫ్ ట్విన్‌క్యాట్ 3 విజువల్ స్టూడియోలోనే నడుస్తుంది కాబట్టి గిట్‌తో సులువుగా కలుస్తుంది, కోడెసిస్‌కి కూడా గిట్ జోడింపు ఉంది. కొత్తగా కట్టే ప్లాంటుకి ఇవన్నీ మంచివే. మన దగ్గర నడుస్తున్నవాటిలో చాలా వరకు పాతవి. సీమెన్స్ వాళ్ల పాత పీఎల్‌సీ ఎస్7-300 నుంచి ప్రోగ్రాం అప్‌లోడ్ చేసుకుంటే పేర్లూ కామెంట్లూ రావు, వట్టి అడ్రస్‌లు వస్తాయి. ఎమ్10.3 అంటే ఏమిటో చెప్పే ఫైలు పోతే ఆ ప్రోగ్రాం చేతిలో ఉన్నా సగం పోయినట్టే.

పీఎల్‌సీ పుట్టిందే సులువుగా మార్చుకోవడానికి, ఇది మరచిపోకూడదు. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ల హైడ్రామాటిక్ విభాగం, కారు మోడల్ మారిన ప్రతిసారీ రిలే ప్యానెళ్లను విప్పి మళ్లీ వైరింగ్ చేయలేక, దానికి బదులు ఇంకేదైనా కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం తయారు చేసిన మోడికాన్ 084 అలా వచ్చింది. పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే లాడర్ భాష రిలే డ్రాయింగ్‌లాగా కనిపించేది ఎందుకంటే, ఎలక్ట్రీషియన్ కొత్త భాష నేర్చుకోకుండానే దాన్ని చదవగలగాలి, మార్చగలగాలి. మంచి ఆలోచన, నేను దాని మీదే బతుకుతున్నాను. కానీ రిలే ప్యానెల్‌లో మార్పు చేస్తే ఒక వైరు కొత్తగా కనిపించేది. దాని చివర ఫెర్రూల్ మీద నంబరు ఉండేది, రంగు వేరుగా ఉండేది, తలుపు తెరిచినవాడికి ఇక్కడెవరో చెయ్యి పెట్టారని తెలిసేది. ప్రోగ్రాంలో చెయ్యి పెడితే ఏ గుర్తూ మిగలదు. మార్చడం సులువు చేశాం, మార్చిన జాడ మాత్రం చెరిపేశాం.

మా ఫ్యాక్టరీలోనే మెకానికల్ డ్రాయింగ్ తీసుకోండి. కుడివైపు కింది మూల రివిజన్ గడి ఉంటుంది. ఆర్0, ఆర్1, ఆర్2, పక్కన తేదీ, ఎవరు గీశారు, ఎవరు చూశారు, ఏం మారింది. ఒక ప్లాట్‌ఫాం రెయిలింగ్ మార్చాలన్నా ఆ గడి నింపకుండా ఫ్యాబ్రికేషన్‌కి ఇవ్వరు. ఆ క్రమశిక్షణ ఊరికే రాలేదు. 1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో రసాయన ప్లాంటు పేలి 28 మంది చనిపోయారు. వరసగా ఉన్న రియాక్టర్లలో ఐదోది పగుళ్లిచ్చిందని తీసేసి, నాలుగుకీ ఆరుకీ మధ్య 20 అంగుళాల పైపు తాత్కాలికంగా వేశారు. రియాక్టర్ల ముఖద్వారాలేమో 28 అంగుళాలవి. ఆ పైపుకి లెక్క కట్టలేదు, సరైన డ్రాయింగ్ లేదు, వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మే దాని డిజైన్. ఆ తర్వాతే, తాత్కాలికమైనా సరే మార్పు అంటే కాగితం మీదికి రావాలి, ఇంకొకరు చూడాలి అన్న పట్టుదల ఆ పరిశ్రమలో గట్టిపడింది. పైపుకి అంత జాగ్రత్త ఉన్నప్పుడు, ఆ పైపులో వాల్వ్ ఎప్పుడు తెరవాలో నిర్ణయించే రంగ్‌ని రాత్రి డ్యూటీ మనిషి జ్ఞాపకశక్తికి ఎలా వదిలేస్తున్నాం? ఈ ప్రశ్న నేను మూడు ఫ్యాక్టరీల్లో మీటింగుల్లో అడిగాను. అన్ని చోట్లా వచ్చిన జవాబు ఒకటే, ప్రొడక్షన్ ఆగకూడదు. ఎలివేటర్ ట్రిప్‌తో ఆ రాత్రి ఆగింది ప్రొడక్షనే కదా అని నా వాదన.

మందుల కంపెనీల్లో ఇది వేరుగా ఉంటుంది. పాశమైలారంలోనో పరవాడలోనో అమెరికాకి మందులు పంపే యూనిట్‌కి అమెరికా వాళ్ల 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 వర్తిస్తుంది, 1997 నుంచి అమల్లో ఉన్న నిబంధన, ఎలక్ట్రానిక్ రికార్డుని ఎవరు ఎప్పుడు మార్చారో చెరపలేని జాడ ఉండాలంటుంది. అక్కడ పనిచేసే స్నేహితులు, ఒక సెట్ పాయింట్ మార్చాలన్నా ఫారాలు నింపాలని విసుక్కుంటారు. నాకు మాత్రం వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. ఇన్‌స్పెక్టర్ వస్తాడన్న భయంతోనైనా సరే, ఆ జాడ ఉంది. సిమెంటుకీ చక్కెరకీ రైస్ మిల్లుకీ తాగునీటి పంపులకీ అలా వచ్చి అడిగేవాడు లేడు, కాబట్టి మనమే అడగాలి.

ఎలా అంటే, నా అనుభవంలో పనిచేసింది చెబుతాను.

మొదట, పోల్చడం. నడుస్తున్న ప్రోగ్రాంని వారానికోసారైనా అప్‌లోడ్ చేసి, దాచుకున్న మాస్టర్‌తో పోల్చాలి. దీన్ని ప్రతి రాత్రీ దానంతటదే చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఒకప్పుడు వెర్షన్‌డాగ్ అనేవారు, ఇప్పుడు ఆక్టోప్లాంట్, రాక్‌వెల్ వాళ్లది అసెట్‌సెంటర్. ఖరీదైనవి, చిన్న ఫ్యాక్టరీలు కొనలేవు. మేం కొనలేదు. మాకు 14 పీఎల్‌సీలు ఉండేవి, ప్రతి సోమవారం ఉదయం ఒక ట్రైనీ కుర్రాడు కూర్చుని చేతితోనే పోల్చేవాడు, మూడు గంటల పని. తయారీదారుల సాఫ్ట్‌వేర్లోనే పోల్చే పనిముట్టు ఉంటుంది, రంగ్ పక్కన రంగ్ పెట్టి చూపిస్తుంది, గిట్ కంటే అదే ముందు నేర్చుకోవాలి. అయితే ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌కి వెళ్లేటప్పుడు ఫైలు, పీఎల్‌సీ కలవకపోతే అప్‌లోడా డౌన్‌లోడా అని అడుగుతుంది. ఇంటర్నెట్ అలవాటులో డౌన్‌లోడ్ అంటే మన దగ్గరికి తెచ్చుకోవడం. ఇక్కడ డౌన్‌లోడ్ అంటే లాప్‌టాప్ నుంచి పీఎల్‌సీలోకి ఎక్కించడం, నడుస్తున్నదాని మీద పాతది రాసేయడం. కొత్త కుర్రాళ్లకి నేను మొదటి రోజు నేర్పేది ఈ రెండు మాటలే, ఆ బటన్ దగ్గర చెయ్యి ఆపి ఇంకొకరిని పిలవమంటాను. లాజిక్ మారకపోయినా, వేడి, వేగం లాంటివి నిలకడగా ఉంచడానికి ఆపరేటర్ నెలల తరబడి సరిచేసుకున్న పీఐడీ విలువలు ఆ ఒక్క నొక్కుతో పాతవాటికి పోతాయి.

ఆన్‌లైన్‌లో చూస్తే లోపలేముందో తెలిసిపోతుంది కదా, మాస్టర్ ఎందుకు అనేవాళ్లకి 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ గుర్తుచేస్తాను. ఇరాన్‌లోని నతాంజ్‌లో యురేనియం సెంట్రిఫ్యూజ్‌లను దెబ్బతీయడానికి రాసిన ఆ వైరస్, ఇంజనీర్ కంప్యూటర్‌లో పీఎల్‌సీతో మాట్లాడే లైబ్రరీ ఫైలునే మార్చేసింది. పీఎల్‌సీలో కొత్త బ్లాకులు ఎక్కాయి, తెరిచి చూసిన ఇంజనీర్‌కి మాత్రం కనపడలేదు. మన రైస్ మిల్లు మీద అలాంటి దాడి ఎవరూ చేయరు, అయినా పోల్చే కంప్యూటర్ వేరేగా, పెన్‌డ్రైవులూ ఇంటర్నెట్టూ లేకుండా ఉంచడానికి ఖర్చేమీ ఎక్కువ కాదు.

రెండోది, తాళం. గిట్‌లో ఇద్దరు ఒకే ఫైలుని ఒకేసారి మార్చి తర్వాత కలుపుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ వాళ్లకి అదే గొప్ప. లాడర్‌కి అది కుదరదని నా గట్టి అభిప్రాయం. రంగ్‌ల వరసే అర్థం, యంత్రం ఒక్కటే, కలిపిన ప్రోగ్రాంని నడిపి చూసుకోవడానికి ఇంకో కిల్న్ ఉండదు. ఒక షట్‌డౌన్‌లో ఇద్దరు కాంట్రాక్టర్లు ఒకే పీఎల్‌సీ మీద తమ తమ లాప్‌టాప్‌లతో పనిచేశారు, సాయంత్రం రెండోవాళ్లు ఎక్కించగానే మొదటివాళ్ల రెండు రోజుల పని మాయమైంది. అందుకని 1980ల నాటి ఆర్‌సీఎస్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతే నాకు నచ్చుతుంది, ఒకరు ఫైలు తీసుకుంటే వాళ్లు తిరిగిచ్చేదాకా ఇంకొకరికి ఇవ్వకపోవడం. మేం దీన్ని సాఫ్ట్‌వేర్ లేకుండానే చేశాం. పీఎల్‌సీకొక ప్లాస్టిక్ ట్యాగు, ట్యాగు ఎవరి మెడలో ఉంటే మార్చే హక్కు వాళ్లది. యంత్రం బాగుచేసేటప్పుడు ఎవరూ ఆన్ చేయకుండా తగిలించే లాకవుట్ ట్యాగులకు అలవాటు పడ్డ మనుషులు కాబట్టి ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

మూడోదే అన్నిటికంటే ముఖ్యం, దాని గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను. పోల్చి చూస్తే 5 పోయి 8 వచ్చిందని తెలుస్తుంది. ఎందుకొచ్చిందో తెలియదు. ఎందుకో తెలియనివాడికి ఆ 8 పొరపాటులా కనిపిస్తుంది, మళ్లీ 5 చేసేస్తాడు. లేదా భయపడి ముట్టుకోడు, ఏదో సెన్సర్‌ని తాత్కాలికంగా పట్టించుకోకుండా చేసి, అవసరం తీరిపోయిన బైపాస్ పదేళ్లు అలాగే ఉండిపోతుంది. నేను చూసిన పాత ప్రోగ్రాముల్లో ఇలా ఎవరూ ముట్టుకోని రంగ్‌లు బోలెడు. కాబట్టి కారణం రాయని మార్పుని పూర్తికాని పనిగానే లెక్కపెట్టాలి.

రాయించడం ఎలా? మొదట ఎక్సెల్ షీటు పెట్టాను, ఇంగ్లిషులో గడులు, ఎవరూ నింపలేదు. వాళ్లకి శ్రద్ధ లేదని కొన్నాళ్లు కోప్పడ్డాను. ఒకరోజు ఎలక్ట్రీషియన్లలో పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "రాయొద్దని కాదు సార్, ఇంగ్లిషుల రాస్తే తప్పులొస్తయ్, మేనేజర్ చూస్తడు" అన్నాడు. నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. మర్నాడే షీటు తీసేసి, ప్రతి ప్యానెల్ తలుపు లోపల డ్రాయింగులు పెట్టే పర్సులో ఒక రూళ్ల నోట్‌బుక్కు, దారంతో కట్టిన పెన్ను పెట్టాం. తెలుగులో రాయండి, ఎలా మాట్లాడతారో అలాగే రాయండి అని చెప్పాం. పాత విలువ, కొత్త విలువ, ఎందుకు, మళ్లీ ఎప్పుడు మార్చాలి, సంతకం. రాత్రి చేసిన మార్పుకి ఎవరినీ తిట్టబోమని ప్లాంట్ హెడ్ చేత అందరి ముందూ చెప్పించాం. అది లేకపోతే మిగతాదేదీ పనిచేసేది కాదు, తిట్లు పడతాయనుకున్న మనిషి మార్పుని దాస్తాడు గానీ రాయడు. సోమవారం ట్రైనీ తేడాలు తీసి నోట్‌బుక్కుతో సరిచూసేవాడు, నోట్‌బుక్కులో లేని తేడా ఉంటే ఆ వారమే వెళ్లి అడిగేవాడు. వారం నాటి సంగతి మనిషికి గుర్తుంటుంది, రెండేళ్ల నాటిది ఉండదు. మొదటి నెలలోనే కారణం రాయనివి 11 దొరికాయి, మూడింటిలో అవసరం తీరిపోయిన బైపాసులు ఇంకా అలాగే ఉన్నాయి.

మనుషుల రక్షణ కోసం విడిగా పెట్టే సేఫ్టీ పీఎల్‌సీలతో పనిచేసినవాళ్లకి ఇందులో కొత్తేమీ ఉండదు. సేఫ్టీ ప్రోగ్రాం మొత్తానికి ఒక సంతకపు సంఖ్య వస్తుంది, ఒక్క కాంటాక్టు మారినా ఆ సంఖ్య మారుతుంది, దాన్ని అప్పగింత కాగితాల మీద రాసి పెడతారు. మామూలు ప్రోగ్రాంకి కూడా ఆ పట్టింపు తెచ్చుకోవాలంటున్నాను, అంతే.

యంత్రం కొనేటప్పుడే ఒక మాట గట్టిగా అడగండి. కామెంట్లతో సహా సోర్సు ఫైలు, పాస్‌వర్డులు, ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తో తెరవాలో ఆ వివరం, ఇవన్నీ పర్చేజ్ ఆర్డర్‌లో రాయించండి. కమిషనింగ్ అయ్యాక ఇచ్చిన ఫైలూ పీఎల్‌సీలోని ప్రోగ్రామూ మీ ముందే పోల్చి, ఒక్క తేడా కూడా లేదని చూపించాకే ఆఖరి పేమెంట్ వదలండి. యంత్రం నడుస్తున్న సంబరంలో ఆ ఒక్క గంట ఎవరూ కూర్చోరు, మూడేళ్ల తర్వాత ఆ వెండర్ ఇంజనీర్ ఫోన్ నంబరు కూడా దొరకదు.

ఆ ఫ్యాక్టరీ వదిలేసి చాలా రోజులైంది. మొన్న అటు వెళ్లినప్పుడు రా మిల్లు ప్యానెల్ తెరిచి చూపించారు. మూడో నోట్‌బుక్కు నడుస్తోంది. మొదటిదాని మొదటి పేజీలో, ఆ షట్‌డౌన్ తర్వాత ఎలక్ట్రీషియన్ పెద్దాయన రాసిన నాలుగు వరుసలు అలాగే ఉన్నాయి: "ఎలివేటర్ టైమర్ 5 ఉండె, 8 చేసినం. కొత్త కప్లింగ్ నిదానంగ లేస్తది. పాత రకం కప్లింగ్ మళ్ల వేస్తే 5 చేయాలె. చేసేముందు మెకానికల్ వాళ్లని అడగాలె."